డెంగీ జ్వరంలో మూత్రం లెక్క

(విశాఖపట్నంలో వైద్యులు, నర్సులు, వైద్య విద్యార్థుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మా గురువుగారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఈసారి నేను చేస్తున్నాను. ఆయన జనరల్ మెడిసిన్ ప్రొఫెసరు. కిడ్నీ వైద్యం ప్రత్యేకంగా చదివినవారు కాదు. అయినా నేను నెఫ్రాలజీ వైపు వచ్చానంటే ఆయన వార్డు రౌండ్సే కారణం. మంచం దగ్గరికి రాగానే ఆయన కేస్‌షీటు అందుకునేవారు కాదు. మంచం కింద ఉన్న సీసా బయటికి తీయించి, కిటికీ వెలుతురుకు పెట్టి, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లుందో, ఏ రంగులో ఉందో చూసేవారు. “రాత్రి పదింటి నుంచి ఎంత వచ్చిందమ్మా?” అని సిస్టర్‌గారిని అడిగేవారు. జవాబు లేకపోతే రౌండ్సు అక్కడే ఆగిపోయేది. కోప్పడేవారు కాదు. ఆ అంకె దొరికేదాకా కదిలేవారు కాదు, అంతే.

ఆ అలవాటు ఎంత విలువైనదో వానాకాలం వచ్చిందంటే నాకు మళ్లీ మళ్లీ తెలిసివస్తుంది. ఇంట్లో ఎవరికైనా డెంగీ అని తేలగానే చుట్టాలు, పక్కింటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?” పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఆ అంకె ఫోన్లలో తిరుగుతుంది. అది పడిపోతే ఇల్లంతా కుంగిపోతుంది, పెరిగితే ఊపిరి పీల్చుకుంటుంది. ఆ రోగి పొద్దున్నుంచి మూత్రానికి వెళ్లాడా లేదా అని అడిగేవారు నూటికి ఒక్కరుండరు. ఈ సభలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క విషయమే. డెంగీలో రోగి ఎటు పోతున్నాడో ప్లేట్‌లెట్ల కన్నా ముందుగా, ఖర్చు లేకుండా, ఏ పల్లెలోనైనా చెప్పగలిగింది మూత్రం లెక్క. ఆ లెక్క పెట్టినచోట మూత్రపిండాలు చాలావరకు దక్కుతాయి. పెట్టనిచోట ఆ రోగిని మేము డయాలసిస్ గదిలో చూస్తాం.

జ్వరం దిగిన రోజు

డెంగీ మనకు కొత్త జబ్బేమీ కాదు. 1963–64లో కలకత్తాలో రక్తస్రావంతో కూడిన డెంగీ చెలరేగింది. 1996లో ఢిల్లీలో పదివేల మందికి పైగా జబ్బుపడ్డారు, నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. అప్పట్లో అది పట్నాల జబ్బు. ఇవాళ పల్లెకూ ఏజెన్సీకీ కూడా చేరింది. 2023లో దేశం మొత్తం మీద ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కిన కేసులే 2,89,235, మరణాలు 485.

ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే మళ్లీ అదే రకం రాకుండా ఒంట్లో రక్షణ ఏర్పడుతుంది. కానీ రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. డెంగీ మూడు అంచెల్లో నడుస్తుంది. మొదటిది జ్వరం అంచె. రెండు నుంచి ఏడు రోజులు కాయం కాలిపోతుంది, కళ్ల వెనక నొప్పి, ఒళ్లు విరగ్గొట్టినట్టుంటుంది. తరవాత జ్వరం దిగుతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుని సెలైన్ తీయించి ఇంటికి తీసుకుపోతారు. నిజానికి అప్పుడు మొదలయ్యే 24 నుంచి 48 గంటలే రెండో అంచె, డెంగీలో అసలు గండం. అది దాటాక మూడోది, కోలుకునే అంచె.

ఆ గండంలో జరిగేదేమిటి? రక్తనాళాల లోపలి గోడ మీద సన్నటి రక్షణ పొర ఒకటుంటుంది. వైరస్ తయారుచేసే ఎన్ఎస్1 అనే ప్రొటీను ఆ గోడను దెబ్బతీసి నాళాలు ఊరేలా చేస్తుందని 2015లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. మనం డెంగీ ఉందా లేదా తేల్చుకోవడానికి రక్తంలో వెతికే ఎన్ఎస్1 కూడా ఇదే. దీనికి తోడు రోగనిరోధక శక్తి వదిలే రసాయనాలు. నాళం ఎక్కడా తెగదు, చిల్లి పడదు. కొత్త కుండ పగలకుండానే పైకి చెమ్మగిల్లినట్టు, రక్తంలోని ప్లాస్మా అనే ద్రవం గోడల్లోంచి ఊరి కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ఈ చిక్కదనాన్నే పీసీవీ పరీక్ష చెబుతుంది. 40 ఉన్న పీసీవీ 48కి చేరితే ప్లాస్మా గట్టిగానే కారుతోందని అర్థం.

కాబట్టి డెంగీలో చావు అనగానే రక్తం కారిపోవడం ఒక్కటే గుర్తుకు రాకూడదు. బొట్టు రక్తం బయటికి రాకుండానే మనిషి షాక్‌లోకి వెళ్లిపోగలడు. ప్లేట్‌లెట్ల చుట్టూ తిరిగే మన భయం ఈ సంగతిని కప్పేస్తోంది.

దెబ్బ కిడ్నీ దాకా ఎలా వస్తుంది

విశ్రాంతిగా ఉన్న మనిషిలో గుండె నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తం పంపుతుంది. అందులో లీటరు లేదా ఇంకాస్త ఎక్కువ, పిడికిలంత ఉండే రెండు మూత్రపిండాలకే పోతుంది. రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నరో రెండో మూత్రంగా వదిలే అవయవం అది. అంత రక్తం మీద బతికే అవయవానికి రక్తం తగ్గితే ముందుగా తెలుస్తుంది. ప్లాస్మా కారడం మొదలవగానే శరీరం గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి మూత్రపిండాలకు వెళ్లే రక్తానికి కోత పెడుతుంది. రక్తపోటు ఇంకా బాగానే కనిపిస్తుంటుంది, రోగి మాట్లాడుతూనే ఉంటాడు, మూత్రం మాత్రం తగ్గిపోతుంది. అప్పుడే కనిపెట్టి ద్రవం అందిస్తే మూత్రపిండం ఏమీ జరగనట్టే కోలుకుంటుంది. గంటలు గడిచిపోతే అందులోని సన్నటి గొట్టాల కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు.

ఈ దశను పట్టుకోవడానికి మనం ఎక్కువగా ఆధారపడే సీరం క్రియాటినిన్‌కు ఒక లోపం ఉంది. అది ఆలస్యంగా చెబుతుంది. దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజులకు గాని ఆ అంకె స్పష్టంగా పెరగదు. కండ తక్కువగా ఉన్న ముసలివాళ్లలో, పిల్లల్లో, బక్కచిక్కిన ఆడవాళ్లలో కిడ్నీ చాలా దెబ్బ తిన్నా క్రియాటినిన్ “నార్మల్” అని రిపోర్టు వస్తుంది. అందుకే 2012లో వెలువడిన కేడిగో (అంతర్జాతీయ కిడ్నీ వైద్య) మార్గదర్శకాలు రెండింటినీ పక్కపక్కన పెట్టాయి. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా, లేదా మూత్రం ఆరు గంటల పాటు కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గినా, అది మూత్రపిండాలకు ఆకస్మికంగా తగిలిన దెబ్బే.

విద్యార్థులు ఈ చివరి అంకెను ఒకసారి లెక్కవేసి చూడండి. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. ఆరు గంటలకు 180. అంటే మంచినీళ్ల గ్లాసుడు కూడా కాదు. పొద్దున ఆరింటికి లేచిన రోగి మధ్యాహ్నం పన్నెండింటికి ఆ గ్లాసుడు పోయలేదంటే మనకు రిపోర్టుతో పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి. నోటితో తగినంత తాగగలుగుతూ, ఆరు గంటలకు ఒక్కసారైనా మూత్రం పోస్తూ, ప్రమాద సూచనలేవీ లేనివారినే ఇంటి దగ్గర ఉంచవచ్చు. ఈ నియమం తెలిసిన తల్లి చేతిలో గోడ గడియారం ఉంటే చాలు, ప్రయోగశాల అక్కర్లేదు.

డెంగీ రోగుల్లో ఎంతమందికి కిడ్నీ దెబ్బ తింటుందంటే పరిశోధనలు ఒక్క మాట చెప్పవు. నూటికి ఒకరని చెప్పినవీ ఉన్నాయి, ముప్పై దాటిందని చెప్పినవీ ఉన్నాయి. నిర్వచనం దేన్ని ఎంచుకున్నారు, మామూలు జ్వరాలను చూశారా, ఐసీయూలో ఉన్నవారిని మాత్రమే చూశారా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కానీ ఒక్క విషయంలో అన్నీ ఏకమవుతాయి. కిడ్నీ దెబ్బ తిన్న డెంగీ రోగి ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉంటాడు, అతని ప్రాణానికి ముప్పు ఎక్కువ.

డికాక్షన్ రంగు మూత్రం

షాక్ ఒక్కటే దారి కాదు. ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మా వార్డులో కనిపించిన తీరులోనే చెబుతాను. బరువులు మోసే పనిచేసే యువకుడు. జ్వరం దిగిన రెండో రోజు కాళ్లు కదల్చలేకపోతున్నానని వచ్చాడు. పిక్క ముట్టుకుంటే కేక వేశాడు. సీసాలో ఉన్న మూత్రం చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. డిప్‌స్టిక్ ముంచితే రక్తం గడి ముదురాకుపచ్చగా మారింది. అదే మూత్రాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఒక్క ఎర్రకణం లేదు. ఈ రెండూ కలిపి చదవాలి. పుల్ల మీద రక్తం, అద్దం కింద ఎర్రకణాలు సున్నా అంటే అక్కడున్నది కండరాల నుంచి వచ్చిన మయోగ్లోబిన్ కావచ్చు, లేదా నాళాల్లోనే పగిలిన ఎర్రకణాల హిమోగ్లోబిన్ కావచ్చు. ఆ అబ్బాయి రక్తంలో కండరాల ఎంజైము సీపీకే వేలల్లో ఉంది. వైరస్ జ్వరంలో కండరాలు విరిగి, వాటిలోని మయోగ్లోబిన్ మూత్రపిండాల గొట్టాల్లో అడ్డుపడింది. సమయానికి ద్రవం అందింది కనుక డయాలసిస్ లేకుండానే గట్టెక్కాడు. ఒళ్లు నొప్పులు డెంగీలో మామూలేనని, ఆ రంగును ఎవరూ చూడకుండా పారబోసి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్నవారిలో జ్వరం వల్లనో, కొన్ని మందుల వల్లనో ఎర్రకణాలు పగిలి ఇలాగే జరుగుతుంది. ఇంకో దారి గ్లోమెరూలస్ అనే వడపోత జల్లెడ దగ్గర. డెంగీలో ఎక్కువమందికి కొన్ని రోజులు మూత్రంలో ప్రొటీను పోతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ పోతుంది. చాలామందిలో అదే సర్దుకుంటుంది. అరుదుగా కొందరిలో మాత్రం వైరస్, దాని మీదికి వచ్చిన యాంటీబాడీలు కలిసి జల్లెడలో చిక్కుకుని గ్లోమెరూలస్‌కు వాపు తెస్తాయి. వైరస్ నేరుగా మూత్రపిండ కణాల్లోకి దిగి నాశనం చేస్తుందా అన్నది పండితుల మధ్య ఇంకా తెగని చర్చ.

నొప్పి సూది

ఇప్పుడు మనం మన చేతులతో చేస్తున్న హాని గురించి చెప్పాలి. డెంగీ నొప్పులు భరించలేనివి. రోగి ఓర్వలేక వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళితే పిరుదు మీద డైక్లోఫినాక్ సూది పడుతుంది. పిల్లలకైతే జ్వరం త్వరగా దిగుతుందని మెఫెనమిక్ యాసిడ్ సిరప్పు. పెద్దలు మందుల షాపులో చెప్పి కొనుక్కునే ఐబూప్రొఫెన్.

మూత్రపిండానికి రక్తం తగ్గినప్పుడు అది ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను విడుదల చేసి, తన లోపలికి వచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది. ఆ కష్టకాలంలో దాని ఆధారం అదొక్కటే. ఈ నొప్పి మందులు సరిగ్గా ఆ రసాయనాలనే ఆపుతాయి. మామూలు రోజుల్లో ఒక బిళ్ల వేసుకుని ఏమీ కాని మనిషికి, ప్లాస్మా కారుతున్న రోజున అదే బిళ్ల కిడ్నీని మూసేస్తుంది. పైగా ఇవి, ఆస్పిరిన్ కూడా, కడుపులో రక్తస్రావం తెస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండలో సూది గుచ్చితే అక్కడే రక్తం గడ్డకట్టి నల్లగా ఉబ్బుతుంది. డెంగీ కావచ్చని అనుమానం ఉన్న ఏ జ్వరానికైనా పారాసెటమాల్ ఒక్కటే, అదీ మోతాదు మించకుండా. ఒళ్లు తడిగుడ్డతో తుడవండి. పారాసెటమాల్ వేసినా నొప్పి తగ్గలేదని ఇంకో మందు కలపవద్దు.

పల్లెల్లో జ్వరానికి ముందుగా చూసే ఆర్ఎంపీ సోదరులకు ఈ వేదిక నుంచి నా విన్నపం. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికేది మీరే. జనం మీ మాట వింటారు. “ఈ నెలల్లో నొప్పి సూది వేయను” అని మీరు అంటే, ఏ ప్రకటనా కాపాడలేనంతమంది కిడ్నీలు మీరు కాపాడినవారవుతారు.

సెలైన్ ఎప్పుడు, ఎంత, ఎప్పుడు ఆపాలి

డెంగీకి వైరస్‌ను చంపే మందు ఇంతవరకు లేదు. ఉన్న వైద్యమల్లా ద్రవాన్ని లెక్కతో ఇవ్వడం. నోటితో తాగగలిగినవాళ్లకు ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ, పళ్లరసం. వాంతులు ఆగకపోయినా, కడుపులో బాగా నొప్పి ఉన్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మనిషి మత్తుగానో అలజడిగానో ఉన్నా, కాలేయం పెరిగినా, పీసీవీ పెరుగుతూ ప్లేట్‌లెట్లు గబగబా పడిపోతున్నా ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టాలి.

ఏ ద్రవం? 2005లో వియత్నాం హోచిమిన్ నగరంలో షాక్‌లో ఉన్న 512 మంది పిల్లల మీద మూడు ద్రవాలను పోల్చిచూశారు. షాక్ ఓ మోస్తరుగా ఉన్న పిల్లలకు మామూలు రింగర్ లాక్టేట్ సరిపోతుందని తేలింది. ఖరీదైన ద్రవాలు తప్పనిసరి కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికే సీసాతోనే ప్రాణం నిలబెట్టవచ్చు. ఎంత? ప్రమాద సూచనలున్నా షాక్ లేని రోగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇది. మొదటి ఒకటి రెండు గంటలు కిలోకు గంటకు 5 నుంచి 7 మిల్లీలీటర్లు, తరవాత రెండు నుంచి నాలుగు గంటలు 3 నుంచి 5, ఆపైన పరిస్థితిని బట్టి 2 నుంచి 3. ప్రతి మెట్టు దగ్గరా ఆగి పీసీవీ చూడాలి, మూత్రం చూడాలి. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు వస్తుంటే చాలు. అంతకు మించి రావాలని సెలైన్ పోస్తూపోతే ఆ అదనపు నీరు కూడా నాళాల్లో నిలవదు, ఊరి కడుపులోకే చేరుతుంది.

మనవాళ్లు తరచుగా తప్పుతున్నది చివరి మెట్టు దగ్గర. కోలుకునే అంచెలో నాళాల గోడలు మళ్లీ బిగుసుకుంటాయి. కడుపులోనూ ఛాతీలోనూ చేరిన ద్రవం 48 నుంచి 72 గంటల్లో తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ రోజు కూడా “నీరసంగా ఉన్నాడు, ఇంకో రెండు సీసాలు ఎక్కించండి” అని బంధువులు అడుగుతారు, మనమూ ఎక్కిస్తాం. అప్పుడు రోగి నీటిలో మునుగుతాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పొట్ట బిగుసుకుపోయి లోపలి ఒత్తిడి పెరిగి మూత్రపిండాల నాళాలను నొక్కుతుంది. మూత్రం మళ్లీ తగ్గుతుంది. చార్టు చూడనివాడు ఇది నీరు చాలక తగ్గిందనుకుని మరో సీసా పెడతాడు. మొదటి రోజున నీరు చాలకా, ఏడో రోజున నీరు ఎక్కువై కూడా ఒకే మనిషి కిడ్నీ రెండుసార్లు దెబ్బతినడం నేను చూశాను. తేడా చెప్పగలిగింది మంచానికి వేలాడే ఇన్‌టేక్–అవుట్‌పుట్ చార్టు. గంట గంటకూ ఎంత లోపలికి, ఎంత బయటికి అని నీలం పెన్నుతో సిస్టర్‌గారు రాసే ఆ కాగితం వార్డులోని ఏ యంత్రం కన్నా తక్కువది కాదు.

ప్లేట్‌లెట్ల సంగతి

ప్లేట్‌లెట్లను పట్టించుకోవద్దని నేను అనడం లేదు. రక్తం కారుతుంటే అవి కావాలి. కానీ రక్తస్రావం లేని మనిషికి అంకె పడిపోయిందని మాత్రమే ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు లేదు. సింగపూర్, మలేషియాల్లోని అయిదు ఆసుపత్రుల్లో, ప్లేట్‌లెట్లు 20 వేలు లేదా అంతకన్నా తక్కువ ఉన్న పెద్దవారి మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ముందుజాగ్రత్తగా ఎక్కించినవారిలో రక్తస్రావం తగ్గలేదు. దుష్ఫలితాలు మాత్రం ఎక్కువగా కనిపించాయి. కోలుకునే అంచె రాగానే ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. దాతల కోసం అర్ధరాత్రి ఊరంతా తిరిగే అన్నదమ్ముల ఆరాటం నాకు తెలుసు. వాళ్లలో ఒకరు రోగి పక్కన కూర్చుని గంట గంటకూ ఎంత తాగాడో, ఎంత పోశాడో రాస్తే ఆ ప్రేమ ఎక్కువగా పనికొస్తుంది.

ఉద్దానంలో డెంగీ

మూత్రం లెక్క అందరికీ పనికొచ్చేది కాదని కూడా నేనే చెప్పాలి. డయాలసిస్ మీద ఉన్న చాలామందికి మూత్రమే రాదు. వాళ్ల దగ్గర నాడి, రక్తపోటు, పై కింది అంకెల తేడా, చేతులు చల్లబడ్డాయా, బరువు ఎంత పెరిగింది, కడుపులో నీరుందా అన్నవాటి మీద ఆధారపడాలి. పై కింది అంకెల తేడా 20 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే అది షాకే. పీసీవీ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. పాత కిడ్నీ జబ్బు ఉన్నవారికి రక్తహీనత ఉంటుంది. ఎప్పుడూ 27 ఉండే పీసీవీ 33కి వస్తే రిపోర్టు చూసేవాడికి అది తక్కువగానే కనబడుతుంది. కానీ 27 మీద 6 అంటే అయిదో వంతు దాటింది. ప్లాస్మా కారిపోతోంది. పాత రిపోర్టు పక్కన పెట్టుకుంటే గాని ఇది తెలియదు.

ఈ మాట విశాఖలో చెప్పడానికి కారణం ఉంది. మనకు ఉత్తరాన ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసే మనుషులకు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. అది మంచి అడుగు. కానీ అక్కడి జబ్బుకు ఒక గుణం ఉంది. చాలాకాలం కాళ్లవాపు లేకుండా, పెద్దగా రక్తపోటు లేకుండా చాపకింద నీరులా నడుస్తుంది. తనకు జబ్బున్నట్టు తెలియని మనిషికి డెంగీ వస్తే, అప్పటికే సగం పోయిన కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. అందుచేత ఆ మండలాల్లో జ్వరంతో వచ్చే పెద్దవారందరికీ మొదటి రోజే క్రియాటినిన్ చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. కిడ్నీ జబ్బు ఉందని తెలిసినవారికి జ్వరం వస్తే, ప్రమాద సూచనలు లేకపోయినా ఆసుపత్రిలో ఉంచి చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

అక్కడే ఇంకో చిక్కు. జ్వరం అనగానే ఇంట్లోవాళ్లు ప్రేమగా కొబ్బరిబోండాలు కొట్టి ఇస్తారు. మామూలు మనిషికి అది మంచిదే. మూత్రం ఆగిపోయినవారికి, కిడ్నీ జబ్బున్నవారికి కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండె లయను తప్పించగలదు. ఎవరికి ఏది తాగించాలో చెప్పకుండా “నీళ్లు బాగా పట్టించండి” అని పంపేయడం సగం సలహాయే. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు జ్వరం వచ్చిందని మందులు సొంతంగా ఆపకూడదు. బీపీకి టెల్మిసార్టాన్ వంటివో, మూత్రం జారీ చేసే మాత్రలో వాడేవారు వాంతులూ జ్వరమూ ఉన్న రోజుల్లో వాటిని కొనసాగించాలా, తాత్కాలికంగా ఆపాలా అని తమ డాక్టర్ను అడిగి తెలుసుకోవాలి.

ప్రతి జ్వరమూ డెంగీ కాదు

వానాకాలంలో జ్వరమూ, తగ్గిన ప్లేట్‌లెట్లూ, పెరిగిన క్రియాటినిన్ మూడూ కలిసి కనబడితే డెంగీ అని ముద్ర వేసి ఊరుకోకూడదు. ఫాల్సిపారం మలేరియా, లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్ కూడా అచ్చం ఇలాగే వస్తాయి. పైగా ఈ మూడూ మందుకు లొంగేవి. పాడేరు వైపు నుంచి వచ్చిన రోగికి మలేరియా పరీక్ష చేయకుండా ఉండకూడదు. పొలంలో బురదనీటిలో నిలబడి పనిచేసిన మనిషికి కళ్లు పచ్చబడి, కిడ్నీ పాడైనా పొటాషియం తక్కువగానే ఉంటే లెప్టోస్పైరోసిస్‌ను తలచుకోవాలి. స్క్రబ్ టైఫస్‌కు చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపించవచ్చు. గుడ్డ తొలగించి వెతికితేనే కనబడుతుంది. దానికి డాక్సీసైక్లిన్ సమయానికి పడితే మనిషి తేరుకుంటాడు. ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చినా ఇవి పక్కనే ఉండవచ్చన్నది మరిచిపోకూడదు.

డయాలసిస్ తప్పనప్పుడు, ఆ తరవాత

అన్నీ సరిగ్గా చేసినా కొందరికి డయాలసిస్ తప్పదు. పొటాషియం అదుపు తప్పినప్పుడు, రక్తంలో ఆమ్లం పేరుకున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి మూత్రం రానప్పుడు ఆలస్యం చేయకూడదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయన్న భయంతో రోజులు వాయిదా వేసి రోగిని పోగొట్టుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా మామూలుగా వాడే హెపారిన్ లేకుండానే డయాలసిస్ చేయవచ్చు. రక్తపోటు నిలబడనివారికి గంటల తరబడి నెమ్మదిగా చేసే పద్ధతులున్నాయి. కేథెటర్‌ను అల్ట్రాసౌండ్ చూస్తూ, రక్తం వస్తే వేలితో నొక్కి ఆపగలిగే చోట పెట్టాలి. కాలర్ ఎముక కింద గుడ్డిగా పెట్టకూడదు.

బంధువులు అడిగే ప్రశ్న: “ఇక జీవితాంతం డయాలసిసేనా డాక్టరుగారూ?” ఎక్కువమంది విషయంలో కాదు. డెంగీతో దెబ్బతిన్న కిడ్నీలు చాలావరకు కోలుకుంటాయి. ఈ మాట ధైర్యంగా చెప్పండి. దానితోపాటు రెండో మాట కూడా చెప్పండి. ఇంటికి వెళ్లిన మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను ఒకసారి చూపించుకోవాలి. ఒకసారి దెబ్బతిన్న కిడ్నీకి తరవాతి ఏళ్లలో దీర్ఘకాలిక జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ మూడు నెలల తేదీని డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. రాయనిది ఎవరూ గుర్తుంచుకోరు.

మనం చేయగలిగింది

టీకా మీద ఆశ ఉంది. ఒకే మోతాదుతో నాలుగు రకాల మీదా పనిచేయాలని మన దేశంలో తయారైన టీకాకు 2024 ఆగస్టులో మూడో దశ పరీక్షలు మొదలయ్యాయి. అది చేతికి వచ్చేదాకా దోమను ఆపాలి. పూలకుండీ పళ్లెం, కూలరు, మూతలేని నీళ్లడ్రమ్ము వారానికోసారి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టాలి. ఈ జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. ఇవాళ నేను అడిగేది ఇంకాస్త చిన్న పని.

విద్యార్థులారా, రేపటి నుంచి జ్వరం వార్డులో ఏ మంచం దగ్గర ఆగినా ప్లేట్‌లెట్లు చెప్పేముందు ఆరు గంటల మూత్రం చెప్పండి. సిస్టర్లూ, ఆ అంకె తగ్గితే అర్ధరాత్రయినా డ్యూటీ డాక్టర్ను లేపే హక్కు మీకుంది. లేపినందుకు విసుక్కునే డాక్టరు ఉంటే తప్పు అతనిదే. ఆశా కార్యకర్తలు జ్వరాల ఇళ్లకు వెళ్లినప్పుడు అడిగే ప్రశ్నల్లో “పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారు?” అన్నది కూడా చేరాలి. ఇంటి మనుషులు ఒక కాగితం, ఒక పెన్ను, గీతలున్న పాత సీసా మంచం దగ్గర పెట్టుకోవాలి. ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోతే, రంగు డికాక్షన్‌లా మారితే, జ్వరం తగ్గినా మనిషి నీరసించిపోతుంటే తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరాలి.

డయాలసిస్ గదిలో మేము చేసేది చివరి పని. దానికి యంత్రం కావాలి, నీళ్లశుద్ధి కావాలి, నిపుణులు కావాలి, డబ్బు కావాలి. దానికి ముందు నాలుగు రోజుల పాటు జరగవలసిన పనికి చూసే కన్ను, రాసే చెయ్యి ఉంటే చాలు. ఆ పని చేయగలిగినవాళ్లు ఈ హాలు నిండా ఉన్నారు. ఈ వానాకాలం మన జిల్లాల్లో డెంగీ వల్ల కిడ్నీ పోయిన మనిషి ఒక్కరూ ఉండకూడదని గట్టిగా అనుకుందాం. మా గురువుగారి పేరున మనం చేయగలిగిన గౌరవం అదే.